మంథనిలో అప్పజెప్పిన బిళ్ళ

నేను మూడు దినాలు బండి నడిపిన. రెండు దినాలే నడిపినట్టు రాసుకున్నరు. నా నంబరు ఎదురుంగ "స్వయంగా తప్పుకున్నాడు" అని రాసిన్రు. మూడో దినం ఇంకా ఎండ ఉండంగనే మందమర్రిలో సున్నం గీత దాటిన. సగం కాలనీ చూసింది. ఇంజను వేడి సుత తగ్గలేదు, "నువ్వు నిన్ననే తప్పుకున్నవు కదా" అన్నరు. ఆ ఒక్క ముక్క వల్ల నాకు రావలసిన పని రాలేదు. ఉద్యోగం ముగిసేదాకా నేను బొగ్గుబాయిలనే దిగిన.

ఇది అన్యాయం. అప్పుడు అదే చెప్పిన, ఇప్పుడూ అదే చెప్తున్న. ముసలోడు ఎప్పటిదో పట్టుకొని ఇంకా తవ్వుతున్నడని అనుకునేటోళ్లు అనుకోన్రి. రాసినోళ్లు పోయిన్రు, రాసిన కాయితం ఏడనో పురుగులు తిన్నది. నేను మాత్రం ఉన్న. నా చేతులు ఇంక రాస్తయి.

గోదావరిఖనిల బాయిలు కొత్తగ తెరుస్తున్న రోజుల్ల, పెద్దపల్లి దిక్కు ఊర్లకెళ్లి వచ్చి చేరినోళ్లల్ల నేనొకన్ని. రెండో తరగతి దాకనే బడికి పోయిన. మిగిలిన చదువంత నాకు నేను సంపాయించుకున్నదే: నోటీసు బోర్డుల మీద, యూనియన్ కరపత్రాల మీద, కిరాణం దుకాణంల పొట్లం కట్టిచ్చిన పేపర్ల మీద. ఇంగ్లీషు అక్షరాలైతే ఇనుము మీదనే నేర్చుకున్న. పంపుల మీద, మోటార్ల మీద పోతపోసిన పేర్లను వేలు పెట్టి తడుముకుంట, ఇదేందని అడుక్కుంట నేర్చుకున్న. నా పని హాలేజి ఫిట్టరు. బాయి లోపల బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతోని పైకి గుంజే యంత్రాన్ని హాలేజి అంటరు. ఆ తాడు తెగితే అల్లేది, దాని పుల్లీ పట్టేస్తే విడిపించేది నేను. పని మంచిగనే చేస్తుంటి. అదే నా మెడకు చుట్టుకుంటదని అప్పుడు తెల్వది.

ఒకనాడు ఫస్టు షిఫ్టు ఆఖరుకు నేను పుల్లీ కాడ కూసోని బోల్టులు బిగిస్తుండంగ నా వెనుక కప్పు కూలింది. నా మీద పడలేదు, తోవ మీద పడ్డది. అవతలికెళ్లి రాళ్లు తీసేదాకా మూడు గంటలు ఒక్కన్నే కూసున్న. దెబ్బ లేదు, నెత్తురు లేదు. నెత్తి మీద ల్యాంపు వెలుగుతనే ఉండె. ఆ వెలుగుల దుమ్ము మెల్లగ కిందికి దిగుడు చూసుకుంట కూసున్న. బయటికి గుంజినంక అందరు వీపు చరిచిన్రు, చాయ్ తాగిపిచ్చిన్రు, "గట్టి పిండంరా నువ్వు" అన్నరు. తెల్లారి డ్యూటీకి పోయిన. దిగుడు మొదలయ్యే కాడ నిలబడ్డ. కాళ్లు కదలలేదు.

కదిలిచ్చిన. కదిలియ్యకుంటే జీతం ఎవ్వడిస్తడు? కానీ ఆనాటికెళ్లి దిగిన ప్రతిసారి పది అడుగులకు ఒకసారి వెనుకకు మల్లి తోవ ఉన్నదా అని చూసుడు, చెయ్యెత్తి కప్పు ఎంత దూరంల ఉన్నదో తడుముడు, గొంతుల ఏదో అడ్డం పడ్డట్టు గుటకలు మింగుడు. దవాఖానకు పోయిన. డాక్టరు నాడి చూసిండు, కండ్లు చూసిండు, నాలుక చూసిండు, ఫిట్ అని రాసిండు.

"లోపల ఊపిరి ఆడుత లేదు సార్" అన్న.

"ఇక్కడ ఆడుతోంది కదయ్యా" అన్నడు.

ఇక్కడ ఆడుతదనే గదా ఇక్కడ ఉండనియ్యమంటున్న!

ఇంటికాడ తలుపు మూయనియ్యకపోయేటోన్ని. చలికాలం సుత గడప కాన్నే మంచం. మా ఇంటామె నోరు ఊకుంటదా. "రెండు రూముల క్వార్టరుకు తలుపెందుకు పెట్టిచ్చిన్రో ఏమో. ఊడబీకి పొయ్యిల పెట్టనా, కట్టెలన్న కలిసొస్తయి" అనేది. అన్నదే గానీ, నేను దేనికి భయపడుతున్ననో కాలనీ మొత్తంల తెలిసింది ఆమెకొక్కదానికే. దోస్తులకు చెప్పలేదు. చెప్తే నవ్వుతరని కాదు. చెప్తే వాళ్లకు సుత అంటుకుంటదేమో అని.

గప్పుడు వచ్చింది నోటీసు.

ఆఫీసర్ల క్లబ్బోళ్లు మూడు దినాల మోటార్ సైకిల్ పోటీ పెట్టిన్రు. కొత్తగూడెంల బయలెల్లి, అడవి తోవలు, వాగులు దాటుకుంట, మూడో దినం మందమర్రి చేరాలె. ముందుగాల ఉరికినోడే గెలిచినట్టు కాదు. కాడకాడికి ఒక చౌకి పెడతరు, ఏ చౌకికి ఏ టైముకు చేరాలెనో ముందే రాసిస్తరు. ఆ టైముకు చేరి కార్డు మీద ముద్ర ఏపిచ్చుకోవాలె. బండి ఖరాబైతే నడిపేటోడే బాగు చేసుకోవాలె, ఇంకొకల చెయ్యి తగలొద్దు. కింద చివరి లైను ఇట్ల ఉండె: "కార్మికులలో సొంత బండిపై మూడు దినములు పూర్తి చేసిన వారి నుండి ఇద్దరు కంపెనీ గ్యారేజీలో మెకానిక్కులుగా తీసుకొనబడుదురు."

గ్యారేజీ అంటే సర్ఫేసు. సర్ఫేసు అంటే బాయి పైన, రేకుల కింద, గోడలు లేకుంట. జీపుల కింద పండుకొని పని చేసినా, తల పక్కకు తిప్పితే ఆకాశం కనపడతది. ఆ లైను నేను నాలుగుసార్లు చదివిన. నా వెనుక ఉన్నోడు "ఏందిరా, నోటీసును ముద్దు పెట్టుకుంటవా" అన్నడు.

నాకు బండి ఉండె. బండి అంటే బండే, నవ్వొద్దు. యుద్ధం అయిపోయినంక మిలిటరీ వాళ్లు తుక్కు కింద అమ్మిన ఇంగ్లీషు మోటార్ సైకిల్. ఎవ్వరి చేతులెన్ని మారిందో తెల్వది, ఆఖరుకు మా బజార్ల ఒక మెకానిక్ షెడ్డు వెనుక పడ్డది. ఆయన ఇంట్ల దక్కనీ మాట్లాడుతరు, మాతోని తెలుగు. అందరం ఉస్తాద్ అనేటోళ్లం. సెలవు దినాలల్ల ఆయన షెడ్డుల కూసోని పని నేర్చుకుంటుంటి. ఒకనాడు ఆయనే అన్నడు: "మూడేండ్ల నుంచి దాంట్ల నా కోళ్లు గుడ్లు పెడుతున్నయి. లే జావ్. నడిపిస్తే నీది, నడవకుంటే కోళ్లది."

ఏడాది పట్టింది నడిపిచ్చెటాలకు. దానికి వెనుక స్ప్రింగులు లేవు, చక్రం నేరుగ ఫ్రేముకే. తోవల రాయి తగిలితే రాయి సంగతి నేరుగ నడుముకే తెలుస్తది. ముందర ఫోర్కు పాత కాలపు రకం, రెండు జతల ఇనుప కడ్డీల నడుమ ఒక్క పెద్ద స్ప్రింగు. బ్యాటరీ లేకున్నా స్టార్టయితది, మాగ్నెటో తిరిగితే చాలు. నిప్పు అదే పుట్టిస్తది. కానీ మాగ్నెటో తడిసిందా, దాన్ని మించిన మొండిది లేదు.

పోటీ సంగతి చెప్తే ఉస్తాద్ గడ్డం గోక్కున్నడు. "కొత్త బండ్లు వస్తయి భాయ్. ఈ ముసలి బుడ్డీతోని ఏం చేస్తవ్?"

"మూడు దినాలు అయితే చాలు ఉస్తాద్. గెలుసుడు నాకెందుకు?"

"మూడు దినాలు నేనే గుర్రం ఎక్కలేదు, షాదీల సుత" అన్నడు. కానీ చెయ్యేసిండు. బాయిల గాలి మళ్లిచ్చెటందుకు కట్టే మందపు గుడ్డ ఒక ముక్క తెచ్చిన. దానికి నూనె పట్టిచ్చి మాగ్నెటోకు అంగీ లెక్క కుట్టినం. విప్పి పారేసిన హాలేజి తాడుకెళ్లి పోగులు తీసి చుట్ట చుట్టి సీటు కింద పెట్టుకున్న. ఎందుకని ఉస్తాద్ అడిగిండు. "నాకు తెలిసిన మందు అదొక్కటే" అన్న.

ఇంటామెకు ఎట్ల చెప్పాలెనా అని రెండు దినాలు తిరిగిన. ఆమెనే అడిగింది. "గెలిస్తే పైకొస్తవా?"

"పూర్తి చేస్తే చాలట."

"అయితే పోయిరా. తిండికి జొన్నరొట్టెలు కట్టిస్త. ఒక్కటే చెప్తున్న, ఏడన్న పడి కాలిరగ్గొట్టుకొని వచ్చినవనుకో, ఆ తలుపు మూసి గొళ్ళెం పెడత."

బండిని లారీల ఎక్కిచ్చుకొని కొత్తగూడెం పోయిన. ఇరవై దాకా బండ్లు వచ్చినయి. ఆఫీసర్లు, కాంట్రాక్టర్లు, పట్నంకెళ్లి వచ్చిన పోరగాండ్లు. అన్నిటికీ వెనుక స్ప్రింగులు, మెరిసే ట్యాంకులు. కార్మికులం నలుగురం. నేను బాయి టోపీ పెట్టుకొని నిలబడితే పట్నం పోరడొకడు వచ్చి బండి చుట్టూ తిరిగిండు.

"ఏం కాకా, దీన్ని మ్యూజియంకెళ్లి తెచ్చినవా?"

"కాదు బిడ్డా. నీ బండికి వాళ్ల తాతను చూపిద్దామని తోలుకొచ్చిన."

నాకప్పుడు ముప్పై నిండలేదు. కాక అన్నడు. బొగ్గు మొఖం మీద వయసు ఎక్కువనే రాస్తది.

బయలెల్లే ముందు ఒక్కొక్కనికి ముద్రలేసే కార్డొకటి, నంబరు కొట్టిన రేకు బిళ్ళ ఒకటి ఇచ్చిన్రు. బిళ్ళ సంగతి చెప్పాలె, కథంత దాని మీదనే ఉన్నది. రూలు ఇట్ల: బిళ్ళ మొదటికెళ్లి ఆఖరుదాకా నడిపేటోని దగ్గరనే ఉండాలె. ఎవలన్న ఇగ నాతోని కాదనుకుంటే దగ్గర్ల ఉన్న చౌకిల బిళ్ళ అప్పజెప్పాలె. అప్పజెప్పితే వాడు తప్పుకున్నట్టు లెక్క, వాని కోసం అడవిల వెతకరు. ఈ రూలు నేను చదివిన. చదవలేదని నేను ఏ దరఖాస్తుల రాయలేదు. అబద్ధం ఆడితే జల్ది పనయ్యేదేమో, ఆడలేదు.

బాయిల బిళ్ళ సంగతి సుత చెప్తే గానీ మీకు తెల్వది. డ్యూటీకి దిగేటప్పుడు ల్యాంపురూం కిటికీల ల్యాంపుతో పాటు మన నంబరు బిళ్ళ ఇస్తరు. బయటికి రాంగనే మొట్టమొదటి పని, మొఖం సుత కడగక ముందు, ఆ కిటికీల బిళ్ళ వాపసు ఇచ్చుడు. గోడకు మేకులుంటయి, నంబరు వారిగ. షిఫ్టు అయినంక ఏ మేకు ఖాళీగ ఉంటదో ఆ మనిషి ఇంక లోపలనే ఉన్నడని లెక్క. దొరికేదాకా వెతుకుతరు. నా వెనుక కప్పు కూలిన దినం నేను బతికింది అట్లనే. ఖాళీ మేకును చూసే వెతకొచ్చిన్రు. అటువంటోనికి బిళ్ళ జేబుల పెట్టుకొని ఇంటికి పోవుడు అంటే ఏందో అర్థం చేసుకోన్రి. పెండ్లాం పిల్లలను బాయిల ఇడిసిపెట్టి వచ్చినట్టుంటది. దినాం దిగినం, దినాం ఎక్కినం, దినాం ఇచ్చినం. ఎనిమిదేండ్లు.

మొదటి దినం ఇల్లందు, నర్సంపేట మీదికెళ్లి ములుగు. పొద్దున గాలి మొఖానికి కొట్టంగ నాకు ఏడుపొచ్చింది. ఎవ్వరు చూడలేదు, చూసినా దుమ్మనుకుంటరు. గానీ అడవి చిక్కగయ్యెటాలకు తోవ మీద రెండు దిక్కుల చెట్లు కలిసినయి. నడుమ సన్నటి బాట, పైన కొమ్మల కప్పు, ముందర ఎంత దూరం పోయినా చీకటి తెల్లటి ముక్కలు ముక్కలు. బండి ఆపి వెనుకకు చూసిన. తోవ ఉన్నది. నాలుగుసార్లు ఆపిన అట్ల, నాలుగుసార్లూ చూసుకున్న. టైముకు రెండు నిమిషాల ముందు ముద్ర పడ్డది.

రెండో దినం చంపింది. ములుగు దాటినంక వాగు. అవతలి ఒడ్డుకు ఎక్కంగనే పెద్ద బండ తగిలి ఫోర్కు పక్క కడ్డీ పట్టుకునే లింకు ఇరిగింది. ముందటి చక్రం నా మాట వినుడు బందు పెట్టింది. కొత్త బండ్లు ఒకటొకటే పక్కకెళ్లి పోయినయి. నన్ను మ్యూజియం అడిగిన పోరడు ఆపి, "కాకా, చౌకిల చెప్పాల్నా?" అన్నడు. మంచోడే, ఊకెనే అనొద్దు. "అవసరం లేదు బిడ్డా, నువ్వు పో" అన్న. సీటు కింద తాడు పోగులు తీసిన. హాలేజి తాడు తెగితే ఎట్ల అల్లుతమో అట్లనే, ఇరిగిన కాడ రెండు దిక్కులకెళ్లి ఎదురెదురు చుట్లు చుట్టి, నడుమ రాడ్డు పెట్టి మెలితిప్పిన. గంటంబావు పట్టింది. చేతులు కోసుకపోయినయి. గానీ ఆ అల్లిక ఆఖరుదాకా ఊడలేదు. ఎక్కడన్న రాసిపెట్టిన్రా అది? లేదు.

భూపాలపల్లి, కాటారం. ఆలస్యమైన గంటను నిమిషం నిమిషం కోసుకుంట వచ్చిన. కాటారం దాటినంక మానేరు. నీళ్లు మోకాలంత, ఇసుక మాత్రం కంటికి ఆననంత. కొత్త బండ్లు సుత దిగబడ్డయి. వెనుక టైరుల గాలి సగం తీసేసి, దిగి పక్కకెళ్లి నడుచుకుంట, ఇంజను గుంజుతుంటే నేను నూకుకుంట, పది గజాలు పోవుడు, కూలబడుడు. నడిమిట్లకు వచ్చెటాలకు ముందుకు పోయినా అంతే దూరం, వెనుకకు పోయినా అంతే దూరం. ఎండ నెత్తి మీద. చుట్టూ అంత బయలు పెట్టుకొని, కప్పు కింద ఇరుక్కున్న దినం కన్న ఎక్కువ ఇరుక్కున్ననని అనిపిచ్చింది. అంత ఆకాశం ఉన్నా బాయి నా కడుపుల ఉన్నదని అప్పుడు తెలిసింది. ఇది పూర్తి చెయ్యకుంటే జన్మంత దాంట్లనే.

చేసిన. మంథని చేరెటాలకు సూర్యుడు ఇంక కొంచెం ఉండె. టైముకు మూడు నిమిషాలు ముందే. మూడు నిమిషాలు!

చౌకి ఒక బంగళాల పెట్టిన్రు. కిటికీకి ఇనుప చువ్వలు. కిటికీ వెనుక బల్ల వేసుకొని కూసున్నది ఎవరనుకున్నరు? మా బాయి ల్యాంపురూం పెద్దాయన. పోటీకి మనుషులు తక్కువైతే ఆయనను డ్యూటీ మీద పంపిన్రు. ఎనిమిదేండ్లకెళ్లి దినాం నేను చూసిన మొఖం అదే, దినాం చువ్వల నడుమకెళ్లి వచ్చిన చెయ్యి అదే. ఆయనను అందరం కాక అంటం. తప్పుకున్నోళ్ల బిళ్ళలు పెట్టెటందుకు ఆయన అలవాటు కొద్ది ఒక పలక తీసుకొని దానికి మేకులు కొట్టుకున్నడు. అప్పటికే రెండు బిళ్ళలు ఏలాడుతున్నయి.

బండి ఆపిన. చెవులల్ల ఇంజను మోగుతనే ఉన్నది. మొఖం కడుక్కోలేదు. కిటికీ కాడికి పోయిన. కార్డు ఇచ్చిన, ముద్ర కొట్టి వాపసు ఇచ్చిండు. చెయ్యి వెనుకకు తీస్కోలేదు. చాపే ఉంచిండు. నేను జేబుల చెయ్యి పెట్టి బిళ్ళ తీసి ఆ చేతుల పెట్టిన. ఆయన మేకుకు తగిలిచ్చిండు. ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడేదేమున్నది, దినాం చేసేదే.

పుస్తకంల రాసిండు. ఆయనకు చెప్పిన రూలు ప్రకారమే రాసిండు.

మూడో దినం పొద్దున బయలెల్లదీసేటోడు వేరే మనిషి. కార్డే చూసిండు, ముద్ర కొట్టిండు, చెయ్యి ఊపిండు. బిళ్ళ ఉన్నదా అని అడగలేదు. జేబు ఖాళీగ ఉన్నదని నాకు సుత తోచలేదు. తోచదు! ఇచ్చేసినోనికి ఖాళీ జేబు హాయిగనే ఉంటది.

మంథనికెళ్లి గోదావరిఖని మా సొంత తోవ. మా బాయి ముందటికెళ్లి పోతుంటే ఫస్టు షిఫ్టు దిగబోయేటోళ్లు ఈలలు కొట్టిన్రు. ఆ రోజుల్ల మా కాడ గోదారి దాటాలంటే రైలన్న ఎక్కాలె, పడవన్న ఎక్కాలె. పడవ కాడ మా ఇంటామె నిలబడ్డది. ఉస్తాద్ సుత వచ్చిండు. ఫోర్కు మీద తాడు అల్లిక చూసి, ముట్టొద్దు గదా, చేతులు వెనుకకు కట్టుకొని వంగి చూసిండు. "వాహ్ భాయ్. దీన్ని నేను విప్ప, ఇట్లనే ఉండనియ్యి" అన్నడు. ఆమె నా చేతులు చూసింది. పడవ కదిలినంక ఒడ్డుకెళ్లి మొత్తుకున్నది, "ఇగో, తలుపు తీసే ఉంచిన!"

మందమర్రిలో గీత దాటిన. టైము ఇంక పదకొండు నిమిషాలు మిగిలింది. చప్పట్లు కొట్టిన్రు. చుట్టూ తాడు కట్టిన్రు, తాడు లోపల బల్లలు, ఆఫీసర్లు, పూలదండలు. క్లబ్బు సెక్రటరీ, ఆయన పెద్ద ఆఫీసరే, నవ్వుకుంట చెయ్యి చాపిండు. నేను షేక్‌హ్యాండ్ అనుకొని చెయ్యిచ్చిన.

"బిళ్ళయ్యా, బిళ్ళ" అన్నడు.

"మంథనిలనే ఇచ్చేసిన సార్."

నవ్వు పోయింది. పుస్తకం తెప్పిచ్చిండు. "ఇదిగో, నిన్న సాయంత్రం తప్పుకున్నావు. సంతకం కూడా ఉంది చౌకీ వాడిది."

"తప్పుకుంటే ఇక్కడికెట్ల వచ్చిన సార్? కార్డు చూడున్రి, ఇయ్యాల్టి ముద్రలున్నయి."

"ముద్రలు పొరపాటున వేసుంటారు."

"గోదారి కాడ పొరపాటు, మంథనిల పొరపాటు, నేనిక్కడ నిలబడుడు సుత పొరపాటేనా సార్? బాయిల బిళ్ళ ఇచ్చుడు అలవాటు. డ్యూటీ అయినంక ఇస్తం గదా."

"మూడు రోజులకూ ఒకటే డ్యూటీ అనుకోవాలి నువ్వు. రూలు చదివావా లేదా?"

"చదివిన."

"మరి?"

బండి పట్టుకొని తాడు లోపల నిలబడ్డ. లోపలోళ్లు నన్ను లెక్కల పెట్టుకోరు. బయటోళ్లు తాడు అవతల నిలబడి ఇంక చప్పట్లు కొడుతున్నరు, వాళ్లకేం తెల్వది. పోవడానికి తోవ బల్లల నడుమకెళ్లే ఉన్నది, ఆ తోవల దండలేసుకున్నోళ్లు నిలబడ్డరు.

కార్మికులం నలుగురంల ఇద్దరి బండ్లు మధ్యలనే ఆగిపోయినయి. ఒకడు పూర్తి చేసిండు, గ్యారేజీకి పోయిండు. పోస్టులు రెండు. రెండోది ఖాళీగనే ఉండిపోయింది. ఇంకొకనికి ఇచ్చిన్రంటే వాని నసీబు అనుకుందు. ఎవ్వనికీ ఇయ్యలేదు!

రెండు దినాల తర్వాత ల్యాంపురూం కిటికీ కాడ ఆయనను అడిగిన. "కాకా, నేను తప్పుకుంటున్నని నీకు చెప్పిన్నా?"

"చెప్పలే."

"మరెందుకు తీస్కున్నవు?"

"నువ్వెందుకిచ్చినవు?" అన్నడు. తర్వాత గొంతు తగ్గిచ్చిండు. "బిడ్డా, ఎవ్వడన్న బిళ్ళ ఇస్తే ఎందుకిస్తున్నవని నేను ఎన్నడన్న అడిగిన్నా? చేతుల పడ్డది, మేకుకు పెట్టిన. తెల్లారి పుస్తకం చూసినంకనే యాదికొచ్చింది, ఇది బాయి కాదు గదా అని. అప్పటికి నువ్వు పోయినవు."

"గదే రాసియ్యి కాకా."

"రాసిస్తే నా డ్యూటీల తప్పయింది అంటరు. నాకింక ఆరేడేండ్ల నౌకరి ఉన్నది, ఇద్దరు ఆడపిల్లలున్నరు." ల్యాంపు నూకిండు నా దిక్కు. బిళ్ళ ఇచ్చిండు. "దిగు బిడ్డా, టైమైతున్నది."

దిగిన.

ఆయన మీద నాకు కోపం ఉండె, లేదని అనను. కొన్నేండ్లు ఆయన చెయ్యిని చూడకుంట బిళ్ళ ఇచ్చిన.

దరఖాస్తులు మొదలుపెట్టిన. మొదటిది ఇంగ్లీషుల ఎవలతోనో రాపిచ్చిన, జవాబు రాలేదు. రెండోదానికెళ్లి నేనే తెలుగుల రాసిన. నా మాట నేనే రాస్త, వాళ్లు చదువుకోనీ. ఏడాదికొకటి. ఒక్కటే అడిగిన: నేను మూడు దినాలు పూర్తి చేసిన్నా లేదా, చేస్తే ఆ ఖాళీ పోస్టు నాదా కాదా. కొత్తగూడెం హెడ్డాఫీసుకు పంపిన, ఇక్కడి ఆఫీసుల ఇచ్చిన, యూనియన్ తరపున ఇప్పిచ్చిన. యూనియనోళ్లు, "బోనసు కోసం కొట్లాడుతుంటే నీ ఫటఫటి బండి గోలేంది అన్నా" అని నవ్విన్రు. నవ్వుకుంటనే ముద్ర ఏసి పంపిన్రు.

దిగుడు మానలేదు. వెనుకకు చూసుకుంట, కప్పు తడుముకుంట, గుటకలు మింగుకుంట. బండి ఉస్తాద్ షెడ్డులనే పెట్టిన. ఎక్క బుద్ధి కాలేదు.

ఏడేండ్లయినంక ల్యాంపురూం కాక రిటైరయిండు. ఆఖరు దినం దండలతోనే నేరుగ మా క్వార్టరుకు వచ్చిండు. కూసోలేదు. మా ఇంటామె చాయ్ పెడతనంటే వద్దన్నడు. మడత పెట్టిన కాయితం ఇచ్చిండు. తన చేతితోని తనే రాసిండు, పెద్ద పెద్ద అక్షరాలు: ఆ మనిషి తప్పుకుంటనని చెప్పలేదు, బాయి అలవాటుతో ఇచ్చిండు, నేను బాయి అలవాటుతో తీసుకున్న, తప్పు ఇద్దరిది, శిక్ష ఒక్కనికే పడ్డది.

"ఇప్పుడు నన్నెవ్వడేం చేస్తడు బిడ్డా" అన్నడు. తెరిచి ఉన్న తలుపు దిక్కు చూసిండు. "ఇంక మూస్త లేవా?"

"మూస్తలేను కాకా."

ఆ కాయితం పెట్టి ఆఖరు దరఖాస్తు పంపిన. మూడు నెలలకు జవాబు వచ్చింది. డ్యూటీ దిగబోయే ముందు, ల్యాంపు కట్టుకొని, టైమాఫీసు కాడ నిలబడే చదివిన. తెలుగులనే రాసిన్రు, ఆ మర్యాద చేసిన్రు. ఉన్నది ఉన్నట్టు కిందికి దించుతున్న, ఒక్క అక్షరం నాది కాదు:

"మీరు పంపిన దరఖాస్తులన్నియు పరిశీలించడమైనది. ల్యాంపురూం మాజీ ఉద్యోగి వ్రాసి యిచ్చిన కాగితమును కూడా చదవడమైనది. మూడవ దినము సాయంత్రము మీరు మందమర్రి చేరిన మాట వాస్తవమే. దానిని ఎవరూ కాదనుట లేదు. అయితే ఆ సమయమునకు మీరు పోటీలో లేరు. కావున పోటీ పూర్తి చేసినట్లు భావించుటకు వీలు పడదు. ఇక గ్యారేజీకి మార్పు విషయము. భూగర్భములో మీ పని మొదటి నుండియు మిక్కిలి సంతృప్తికరముగా నున్నందున, మిమ్ములను అచ్చటి నుండి కదిలించవలసిన అవసరము కనబడుట లేదు."